నది లెక్కలో మనుషుల వంతు

(రేడియో ప్రసంగ పాఠం)



క్రైస్ట్‌చర్చి నుంచి దక్షిణంగా కారులో వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. రోడ్డుకు రెండు పక్కలా వందల మీటర్ల పొడుగున్న ఇనప చట్రాలు చక్రాల మీద నెమ్మదిగా తిరుగుతూ పచ్చిక మీద నీళ్ళు చల్లుతుంటాయి. పిల్లలు వెనక సీట్లోంచి "నాన్నా, రెయిన్‌బో" అని అరుస్తారు కూడా. ఆ నీళ్ళు ఎక్కడివి, ఎవరు ఇమ్మన్నారు, ఎప్పుడు ఆపాలి? ఈ మూడు సంగతులనీ కంప్యూటరుకు అర్థమయ్యేలా రాయడం నా వృత్తిలో ఒక భాగం.

నాది సాఫ్ట్‌వేరు కన్సల్టింగు. హైడ్రాలజిస్టును కాను. నీటి శాస్త్రం తెలిసినవాళ్ళు కట్టిన మోడల్‌కు సమాచారం సరిగ్గా అందించడం, జవాబు తేడాగా వస్తే ఎందుకో వెతకడం, ఇదీ నా పని. ఉగాది భోజనాల దగ్గర పెద్దలెవరైనా "ఏం చేస్తుంటావు బాబూ" అనడిగితే "నదికి లెక్కలు రాస్తుంటానండీ" అంటాను. చాలామంది నవ్వేసి పులిహోర వైపు వెళ్ళిపోతారు. ఇవాళ మీకా అవకాశం లేదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఒక నదికి నీళ్ళు చేరవేసే నేలంతా కలిపి దాని పరీవాహక ప్రాంతం. ఆ నేలను చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద రోజూ ఎంత వాన పడింది, ఎంత ఆవిరైంది, ఎంత ఇంకింది, ఎంత వాగులోకి దిగింది అని లెక్క కట్టేదే మోడల్. నేను ఎక్కువగా చూసేది స్వాట్ అనే మోడల్. అమెరికా వ్యవసాయ శాఖలో జెఫ్ ఆర్నాల్డ్ బృందం 1990ల మొదట్లో తయారు చేసింది. ఉచితంగా దొరుకుతుంది. దాన్నే తర్వాత తిరగరాసి స్వాట్ ప్లస్ అన్నారు. న్యూజీలాండ్ వాళ్ళకు సొంతంగా టాప్‌నెట్ అని ఇంకొకటి ఉంది. పేరేదైనా పద్ధతి ఇంచుమించు అదే.

ఈ మోడల్‌కు ఇచ్చే సమాచారంలో చాలా భాగం ప్రకృతిది. వాన, ఎండ, మట్టి రకం, కొండవాలు. వాటికి కొలిచే పరికరాలున్నాయి, పటాలున్నాయి. నీటి కేటాయింపుల పట్టిక మాత్రం వేరే జాతి. అది మనుషులు మాట్లాడుకుని, పోట్లాడుకుని, కోర్టుకెళ్ళి తేల్చుకున్నది. దాన్ని కూడా వాన లెక్కలాగే ఒక అంకెల ఫైలుగా మార్చి లోపలికి పంపిస్తాం. లోపలికి వెళ్ళాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ముందు ఇక్కడి పరిస్థితి చెప్పాలి. కాంటర్‌బరీకి పడమటన దక్షిణ ఆల్ప్స్ పర్వతాలు. మబ్బులు అవతలి పక్కనే చాలావరకు కురిసేసి వస్తాయి. ఇవతల మైదానం పొడి నేల, కింద గులకరాళ్ళ పొర. 2002లో దేశం మొత్తం మీద సాగునీటి భూమి సుమారు 3,84,000 హెక్టార్లు. 2019కి అది 7,35,000 అయింది. అందులో మూడింట రెండు వంతుల దాకా కాంటర్‌బరీలోనే ఉంది. గొర్రెలు మేసిన చోట పాడి ఆవులు వచ్చాయి. మన ఫ్రిజ్‌లో ఉన్న పాల వెనక ఈ కథ ఉంది.

ఈ నీటికి అనుమతులన్నీ 1991లో వచ్చిన వనరుల నిర్వహణ చట్టం కింద ఇచ్చినవి. ఇంటి అవసరాలకు, పశువులు తాగడానికి సాధారణంగా అనుమతి అక్కర్లేదు. పొలానికి కావాలి. ఒక అనుమతి గరిష్ఠంగా 35 ఏళ్ళు. ముందు వచ్చినవాడిదే ముందు వంతు. ఈ "ముందు" అనే మాట మీద కూడా తగాదా వచ్చింది. వైమకరిరి నది నీళ్ళ కోసం సెంట్రల్ ప్లెయిన్స్ పథకం వారి దరఖాస్తు ముందు పడింది, కానీ దాని వివరాలు ఇంకా పూర్తి కాలేదు. నై తాహు తెగకు చెందిన ప్రాపర్టీస్ కంపెనీ దరఖాస్తు తర్వాత వచ్చింది, కానీ విచారణకు ముందే సిద్ధమయింది. ఎవరు ముందు? ముందు దాఖలు చేసినవారే ముందు అని 2008లో అప్పీలు కోర్టు తేల్చింది. మన రేషన్ షాపు లైనులో చెప్పులు పెట్టి వెళ్ళినవాడి వంతు చెల్లుతుందా లేదా అన్న తగువు లాంటిదే ఇది, కాకపోతే పందెం ఒక నది.

సరే, పట్టికలోకి వద్దాం. ఒక్కో వాడకందారుకు ఒక వరస. ఆ వరసలో కావలసినవి ఇవి: నీళ్ళు ఎక్కడినుంచి, అంటే నదిలోంచా, చెరువులోంచా, భూమిలోంచా. ఎంత. ఏ నెలల్లో. ఎక్కడికి వచ్చేసరికి ఆపాలి. కొరత వస్తే ఎవరికన్నా ముందు, ఎవరికన్నా వెనక. మన ఊళ్ళలో చెరువు తూము దగ్గర నీరుకట్టు మనిషికి ఇవన్నీ నోటికి వచ్చు. ఏ మడికి ఏ జాములో ఎంతసేపు వదలాలో కాగితం లేకుండా చెప్పేవాడు. ఆయన బుర్రలో ఉన్నదాన్నే ఇక్కడ ఫైలులో రాస్తున్నాం.

"ఎంత" అన్నది తేలికనుకుంటారు. ముందుగా కొలతల గోల. పాత స్వాట్‌లో నదినుంచి తీసే నీటికి నెలకొకటి చొప్పున పన్నెండు గళ్ళు ఉంటాయి. ఆ గడిలో రాయాల్సింది ఆ నెలలో సగటున రోజుకు ఎన్ని పదివేల ఘనపు మీటర్లు తీస్తారన్నది. అవును, పదివేల. అనుమతి పత్రంలో మాత్రం సెకనుకు లీటర్లలో ఉంటుంది. ఒక పొలానికి సెకనుకు 50 లీటర్లు అనుకుందాం. రోజుకు 4,320 ఘనపు మీటర్లు. గడిలో పడాల్సింది 0.432. అక్కడ 4320 అని కొడితే మోడల్ ఏమీ అనదు. నోరు మూసుకుని వాగు ఎండగొట్టి చూపిస్తుంది. స్వాట్ ప్లస్‌లో పొలానికి మిల్లీమీటర్లు, ఊరి నీటి సరఫరాకు రోజుకు ఘనపు మీటర్లు, నది కనీస ప్రవాహానికి సెకనుకు ఘనపు మీటర్లు. ఒకే పేజీలో మూడు భాషలు.

ఇంత పెద్ద తప్పు ఎలాగూ కంటికి కనిపిస్తుంది. కనిపించని తప్పు ఇంకొకటుంది. అదే అనుమతికి సాలుకు 4,00,000 ఘనపు మీటర్లు మించకూడదని మరో షరతు ఉందనుకోండి. పంపు పూర్తి వేగంతో తిప్పితే తొంభై మూడు రోజుల్లో ఆ కోటా అయిపోతుంది. కానీ పన్నెండు గళ్ళలోనూ 0.432 అని నింపేస్తే మోడల్ ఏడాదికి పదిహేను లక్షల డెబ్భై ఆరు వేల ఘనపు మీటర్లు తోడేస్తుంది. ఇంచుమించు నాలుగింతలు. అంకె ఎక్కడా తప్పు లేదు, కాగితంలో ఉన్నదే. రైతు మాత్రం చెయ్యని దొంగతనానికి దొరికిపోయాడు.

దీనికి ఎదురు సంగతి కూడా చెప్పాలి. కాగితం మీద ఉన్నది వేరు, నిజంగా వాడేది వేరు. వాన బాగా పడిన ఏడు రైతు పంపు వెయ్యడు. 2010లో వచ్చిన నిబంధనల ప్రకారం సెకనుకు 5 లీటర్లు, ఆపైన తీసే అనుమతులకు నీటి మీటరు తప్పనిసరి అయింది. 2020 సవరణతో పదిహేను నిముషాలకొక కొలత తీసి రోజూ పంపించే ఏర్పాటు పెద్ద వాడకందార్లతో మొదలుపెట్టి దశలవారీగా పెట్టారు. మరి పట్టికలో ఏది రాయాలి? కాగితమా, మీటరా?

నన్నడిగితే ముందు ప్రశ్న ఏమిటో తెలియాలి అంటాను. "పోయిన వేసవి నది ఎందుకు అంత తగ్గింది" అని అడిగితే మీటరు లెక్క వెయ్యాలి. "ఇచ్చిన అనుమతులన్నీ అందరూ పూర్తిగా వాడుకుంటే నది ఏమవుతుంది" అని అడిగితే కాగితం లెక్క వెయ్యాలి. రెండో ప్రశ్నకు మొదటి అంకెలు వేస్తే నది బాగానే ఉందనిపించి ఇంకో పది అనుమతులు ఇస్తారు. మొదటి ప్రశ్నకు రెండో అంకెలు వేస్తే రైతుల మీద లేని నింద పడుతుంది. నివేదికలో ఏ అంకెలు వాడారో ఒక వాక్యం ఉంటుంది, సాధారణంగా వెనక అనుబంధంలో. ఆ వాక్యం ముందు పేజీలో ఉండాలని నేను వాదిస్తుంటాను.

మన కృష్ణా నది సంగతి గుర్తు చేసుకుంటే ఇది బాగా అర్థమవుతుంది. బచావత్ ట్రిబ్యునల్ నూటికి డెబ్భై అయిదు ఏళ్ళు వచ్చే నీటిని 2,060 టీఎంసీలుగా లెక్కగట్టింది. పొలాల నుంచి తిరిగి నదిలో చేరే నీటిని కలుపుకుని మహారాష్ట్రకు 585, కర్ణాటకకు 734, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 లెక్కకొచ్చాయి. మనం పేపర్లో చదివే "నికర జలాలు" అవే. ఆపైన వచ్చేవి మిగులు జలాలు. వాటిని వాడుకునే స్వేచ్ఛ మనకుంది, హక్కు లేదు అన్నారు. స్వేచ్ఛకీ హక్కుకీ తేడా ఏమిటని అడిగితే, ఆ నీటి మీద ప్రాజెక్టులు కట్టి ఎదురు చూసిన జిల్లాలవాళ్ళు చెప్తారు. కాంటర్‌బరీలోనూ చాలా నదుల మీద "ఏ" అనుమతులు, "బీ" అనుమతులు అని ఉంటాయి. నది తగ్గుతుంటే ముందు ఆగేది "బీ". పేర్లు మారాయి గానీ అవే నికర జలాలు, అవే మిగులు జలాలు. పట్టికలో ఈ రెండింటినీ ఒకే వరసలో కలిపేశామంటే ఎవరికి నమ్మకమైన నీళ్ళున్నాయో, ఎవరికి లేవో ఆ తేడా చెరిగిపోయినట్టే.

ఇప్పుడు రకాయియా నది. కాంటర్‌బరీలో పెద్ద నదుల్లో ఒకటి, సగటున సెకనుకు సుమారు 200 ఘనపు మీటర్లు. ఇక్కడి వాడుకలో 200 క్యూమెక్కులు, మన క్యూసెక్కుల్లో ఏడు వేలకు కాస్త పైన. రోజుకు అర టీఎంసీ దాటుతుంది. 1988లో ఈ నదికి ఒక రక్షణ ఉత్తర్వు ఇచ్చారు. అందులో కనీస ప్రవాహం నెలనెలకీ వేరు. సెప్టెంబరులో 90 క్యూమెక్కులు, డిసెంబరులో 139. చేపలకూ, పక్షులకూ, నది స్వరూపానికీ ఏ నెలలో ఎంత కావాలో చూసి పెట్టిన పన్నెండు అంకెలు. మోడల్‌లో కూడా నెలవారీ పరిమితికి పన్నెండు గళ్ళున్నాయి. అచ్చు దాని కోసమే చేసినట్టుంటుంది, అని సంతోషించి అంకెలు కొట్టేసి టీ తాగడానికి వెళ్ళిపోబుద్ధేస్తుంది.

కానీ ఉత్తర్వులో ఇంకో షరతుంది. కనీసానికి పైన ఉన్న నీటిలో సగమే తీసుకోవాలి, మిగతా సగం నదికి. మొత్తం మీద 70 క్యూమెక్కులు దాటకూడదు. డిసెంబరులో ఒక రోజు నదిలో 179 ఉందనుకోండి. పైన ఉన్నది 40. తీసుకోదగింది 20. నదిలో 159 మిగలాలి. ఒట్టి కనీస ప్రవాహం గడి మాత్రమే నింపితే మోడల్ అవసరం ఉన్నంతసేపూ 40 మొత్తం తోడేసి నదిని 139 మీద నిలబెడుతుంది. వరస పెట్టి అన్ని రోజులూ అలాగే. అప్పుడు పటంలో నది గీత బల్లపరుపుగా కనిపిస్తుంది. నదికి ఆ ఎగుడుదిగుళ్ళే ప్రాణం. గులకరాళ్ళను కడిగేది, నాచును తుడిచేది, సముద్రం దగ్గర నది ముఖాన్ని తెరిచి ఉంచేది ఆ చిన్న చిన్న పొంగులే. సగం సగం అన్న నియమాన్ని ఆ గడిలో రాయలేం. వేరే నిర్ణయ పట్టిక రాయాలి, లేదా రోజువారీ తీసుకోదగిన నీటిని బయట లెక్కగట్టి లోపలికి ఇవ్వాలి. రెండు రోజుల పని. ఆ రెండు రోజులు అడగాల్సిందే.

"ఎక్కడినుంచి" అన్న గడి కూడా ఇంతే ప్రమాదం. సెల్విన్ నది, మావోరీ పేరు వైకిరికిరి. కొండల్లో పుట్టి మైదానంలోకి రాగానే గులకరాళ్ళలోకి ఇంకిపోతుంది. మధ్యలో చాలా మేర ఎండి ఉండటం దాని స్వభావం. కింద తే వైహోరా సరస్సు దగ్గరికొచ్చేసరికి ఊటలుగా మళ్ళీ పైకి వస్తుంది. కోస్ ఫోర్డ్ అని అక్కడొక ఈత రేవు ఉంది, తరతరాలుగా క్రైస్ట్‌చర్చి కుటుంబాలు పిల్లల్ని తీసుకెళ్ళే చోటు. 2017 మొదట్లో, వరస కరువుల తర్వాత, అక్కడ నీళ్ళు దాదాపు లేకుండా పోయాయి. కరువు ఎంత, బోర్లు ఎంత అని పెద్ద చర్చ నడిచింది.

ఆ ఊట నీరు భూమిలోంచి వస్తుంది. ఆ భూమిలోంచే బోర్లు తోడతాయి. పట్టికలో బోరును లోతైన జలపొర కింద రాస్తే మోడల్‌లో దాని ప్రభావం నది మీద దాదాపు పడదు. పై పొర కింద రాస్తే పడుతుంది, కొన్ని వారాలో నెలలో ఆలస్యంగా. అదే బోరు, అదే నీరు. ఒక గడిలో ఒక మాట మారితే కోస్ ఫోర్డ్ ఎండిపోవడంలో మనుషుల వాటా ఉందో లేదో మారిపోతుంది. కాబట్టి బోరు లోతు, జల్లెడ గొట్టం ఏ పొరలో ఉంది, ఇవి చూడకుండా ఆ మాట రాయకూడదు. 2015లో మొదలైన సెంట్రల్ ప్లెయిన్స్ పథకం రకాయియా నీళ్ళను కాలువలో తెచ్చి చాలా బోర్ల అవసరం తగ్గించింది. అది మోడల్‌కు చెప్పకపోతే ఆ రైతులు నదినీ తోడుతున్నట్టు, బోరునూ తోడుతున్నట్టు రెండుసార్లు లెక్కకొస్తారు.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది. మోడల్‌ను నమ్మే ముందు దాన్ని శ్రుతి చేస్తాం. నదిలో కొలిచిన ప్రవాహానికీ మోడల్ చెప్పిన ప్రవాహానికీ పొంతన కుదిరేదాకా మరలు తిప్పుతాం. నదిలో కొలిచింది అప్పటికే మనుషులు తోడుకోగా మిగిలింది కదా. కేటాయింపుల పట్టిక ఖాళీగా వదిలేసి శ్రుతి చేస్తే, తగ్గిన నీళ్ళు ఎటు పోయాయో మోడల్‌కు తెలియదు. ఎండకు ఆవిరైందనో, భూమిలోకి పోయిందనో సర్దుకుంటుంది. గీతలు అందంగా కలిసిపోతాయి. అందరూ చప్పట్లు కొడతారు. తర్వాత ఎవరో "వాడకం అయిదో వంతు తగ్గిస్తే నది ఎంత పెరుగుతుంది" అని అడిగితే, పెద్దగా ఏమీ పెరగదు అంటుంది. ఎందుకంటే దాని లెక్కలో మనుషులు తోడిన నీళ్ళను ఎండ ఎప్పుడో తాగేసింది. అందుకని నేను వరస ఇలా పెట్టుకుంటాను: ముందు తోడకాలతో శ్రుతి, తర్వాత తోడకాలు తీసేసి సహజ నది ఎలా ఉండేదో చూడటం, ఆ రెంటి మధ్య తేడా మీటర్ల మొత్తంతో సరిపోతుందా అని కూడిక. ఈ మూడోది బడిపిల్లల లెక్క. చాలాచోట్ల అదే చెయ్యరు.

చివరిది, ఎవరు ముందు ఆగాలి. స్వాట్ ప్లస్ పట్టికలో ప్రతి వాడకందారుకూ సీనియర్, జూనియర్ అని ఒక గడి ఉంది. అమెరికా పడమటి రాష్ట్రాల అలవాటు అది. ఇక్కడ ఆ గడి నింపేటప్పుడు నా చెయ్యి కాస్త ఆగుతుంది. తేదీని బట్టి నింపితే, తరతరాలుగా నది పక్కనే ఉండి దరఖాస్తు పెట్టని మావోరీలకు గడే ఉండదు. నిన్న భూమి కొన్న చిన్న రైతు చివర. మన డెల్టాలో కాలువ చివరి భూముల వాళ్ళను తలుచుకోండి. నీళ్ళు పై తూముల దగ్గర అయిపోతే చివరి మడి రైతు ఏ రికార్డులో అయినా "నీరందిన ఆయకట్టు" కిందే ఉంటాడు. 2020లో జాతీయ విధాన ప్రకటన ఒక వరస చెప్పింది: ముందు నీటి ఆరోగ్యం, తర్వాత మనుషుల తాగునీరు, ఆ తర్వాతే మిగతావి. 2024 చట్ట సవరణతో అనుమతుల దరఖాస్తులు చూసేటప్పుడు ఆ వరసను లెక్కలోకి తీసుకోకుండా చేశారు. ఏది మంచిదన్న దాని మీద మీ అభిప్రాయం మీకుంటుంది, నాది నాకుంది. కానీ కంప్యూటరు గదిలో కూర్చున్న ఒక కన్సల్టెంటు ఎవరికీ చెప్పకుండా ఆ గడిలో ఒక అక్షరం వేసి తేల్చాల్సిన విషయం మాత్రం కాదు. అందుకే ఆ ఒక్క గడికీ రెండు మూడు రకాలుగా నడిపి, అన్ని జవాబులూ పక్కపక్కన పెట్టి ఇస్తాను. అడిగినవాళ్ళకు అది విసుగు. "ఒక్క జవాబు చెప్పవయ్యా" అంటారు. వరస ఏదో మీరు చెప్పండి, జవాబు నేను చెప్తానంటాను.

మన పిల్లల్లో ఎవరైనా ఇంజినీరింగు చదువుతూ దీన్ని చేసి చూడాలనుకుంటే మోడల్ ఉచితం. కాంటర్‌బరీ ప్రాంతీయ మండలి నీటి అనుమతుల వివరాలూ, నదుల ప్రవాహాలూ ప్రజలందరికీ తెరిచే ఉంచింది. పెద్ద నది జోలికి వెళ్ళకుండా, ఇంటికి దగ్గర్లో నాలుగైదు అనుమతులున్న ఒక చిన్న వాగుతో మొదలుపెట్టమంటాను. అనుమతి పత్రాలు మాత్రం మొదటి పేజీ దగ్గర ఆపకుండా షరతుల దాకా చదవాలి. సాలుసరి కోటా ఉండేది అక్కడే.

ప్రశ్నలున్నవాళ్ళు కార్యక్రమానికి ఫోను చేసి చెప్పండి, వచ్చేసారి కలిసినప్పుడు జవాబు చెప్తాను.